ఎడంగా పెట్టిన బిళ్లలు

"శౌరయ్యగారూ, పాల్ ఒంట్లో ఉన్న క్రిమి మనం పనిచేస్తుందని రాసిచ్చిన క్లిండామైసిన్ మందుకి లొంగే రకం కాదు."

విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబు. డాక్టర్ వినీల క్రిమిని పెంచిన కల్చర్ ప్లేటును సీనియర్ టెక్నీషియన్ శౌరయ్య ముందుకు జరిపింది. పాల్ ఉయ్యూరులో చెరకు కొట్టే మనిషి. కాలికి కత్తి తగిలింది. ఆ పుండు విషం ఊపిరితిత్తులకు పాకి ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు.

"నేను చూసినప్పుడు లొంగింది మేడమ్. మందు అద్దిన కాగితపు బిళ్ల చుట్టూ గుండ్రంగా చచ్చింది."

"ఇది నేను నిన్న మళ్లీ పెట్టింది. గుండ్రంగా ఉందా?"

"ఒక పక్క... కాస్త చదును."

"ఏ పక్క?"

"ఎరిత్రోమైసిన్ బిళ్ల పక్క."

"దానర్థం?"

"తెలుసండి. ఎరిత్రోమైసిన్ తగిలేదాకా క్రిమిలోని ఓ జన్యువు మూసుకునే ఉంటుంది. తగిలిందా, తెరుచుకుని మందు పట్టనివ్వని ప్రోటీను చేస్తుంది. ఇక క్లిండామైసిన్ కూడా ఆ క్రిమినేమీ చెయ్యలేదు."

"చాలినంత అయ్యాక ఆ ప్రోటీనే తన తయారీకి తనే కళ్లెం వేసుకుంటుంది. ఎరిత్రోమైసిన్ పక్కన లేకుండా విడిగా చూస్తే ఆ క్రిమి అమాయకంగా కనబడుతుంది. అందుకే రెండు బిళ్లలూ పక్కపక్కన పెట్టాలని ఇక్కడ అందరికీ నేర్పింది మీరు. మరి పాల్ ప్లేటులో ఆ చివరొకటి, ఈ చివరొకటి ఎందుకున్నాయి?"

"చెయ్యి తప్పుంటుంది."

"పదహారేళ్లుగా తప్పని చెయ్యి?"

"ఆ రోజు పని ఎక్కువ మేడమ్."

"నాలుగే ప్లేట్లు. రిజిస్టరు చూశాను."

"మందు మార్చారా?"

"పొద్దున మార్చారు. ఐదు రోజులు పోయాక. బతుకుతాడని ఎవరూ చెప్పట్లేదు."

శౌరయ్య ప్లేటును తిరిగి ఆమె వైపుకు జరిపాడు.

"ముందు ఎరిత్రోమైసిన్ ఏమన్నా వాడాడా అని వాళ్లమ్మ రూతుని అడిగాను. గుమ్మంలో మీరున్నారు. మీ వంక చూసి, లేదంది."

"నా వంక చూడ్డమేంటి?"

"నేనూ అదే అడుగుతున్నా."

"ఆవిడ... మా పెద్దమ్మ కూతురు."

"ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదండీ."

"ఇప్పుడు అడుగుతున్నాను, శౌరయ్యగారూ."

"మా వీధిలో సాయంత్రాలు నన్ను డాక్టరనే పిలుస్తారు మేడమ్. వారం రోజులు పాల్‌కి ఎరిత్రోమైసిన్ మాత్రలు ఇచ్చింది నేనే. మొదటి ప్లేటు పద్ధతిగానే పెట్టాను. చదును కనబడింది. అది చూస్తే ఆ మాత్రలెవరిచ్చారని మీరు అడుగుతారని దాన్ని పారేసి, బిళ్లలు ఎడంగా పెట్టి ఇంకోటి చేశాను. అక్క నోరు మూయించిందీ నేనే."