మెషినక్క

అయ్యయ్యో, గ్యాస్ ముట్టుకోకు తల్లీ! ముందు గాలి తిప్పాలి, గాలి వచ్చాకే గ్యాస్... ఏమిటీ, గాలి ముందే తిప్పేశావా? హమ్మయ్య. నోరు అలవాటైపోయిందమ్మా, ఎవరి చెయ్యి అటు వెళ్ళినా అదే అరుపు. ఎంతమందికి చెప్పానో ఈ ముక్క, లెక్కా పత్రం లేదు.

సరేగానీ ఇంకా వెలిగించకు. మెషిను లోపలి దీపం వేడెక్కాలి, అందాకా ఇలా వచ్చి కూర్చో. కాస్త మాట్లాడాలి నీతో.

నాకేం, బాగానే ఉన్నాను. కళ్ళ కింద నలుపా? ఉంటుంది మరి, ఊరికే పోతుందా! పొద్దున్నే మా అమ్మ ఫోను. ఎలా ఉన్నావని లేదు, తిన్నావా అని లేదు. "అయిపోయిందా?" అంది. ఈమధ్య మా అమ్మ పలకరింపు అంటే అదే. మా ఆయన నయం, ఆ మాట అడగడం మానేశాడు. మానేసినందుకు ఇంకా భయంగా ఉంది నాకు. ఇక మా పాప ఉందా, మీ అమ్మ ఏం చేస్తుందే అని ఎవరైనా అడిగితే "చదువుకుంటోంది" అంటుంది. "ఇంకానా?" అని వాళ్ళు నవ్వుతారు. నేనిక్కడ పీహెచ్‌డీలో చేరినప్పుడు దానికి పళ్ళే రాలేదు. ఇప్పుడు పాలపళ్ళు ఊడిపోతున్నాయి.

పోనీ నాదేమైనా బ్రహ్మవిద్యా? కుళాయి నీళ్ళలో సీసం ఎంతుందో చూడటం. పాత పైపులున్న వీధులు తిరిగి నీళ్ళు పట్టుకురావడం, ఈ మంటలోకి ఎక్కించడం, వచ్చిన అంకె రాసుకోవడం. చెయ్యాల్సిన టైములో చేసేశాను కూడా. నా నీళ్ళ పని ఎప్పుడో అయిపోయిందమ్మా. మిగతా ఏళ్ళన్నీ పరాయి నీళ్ళకే ధారపోశాను.

ఎలా ఇరుక్కున్నానంటావా? కొరివితో తల గోక్కున్నాను! చేరిన కొత్తలో ఈ మెషిను ఆగిపోయింది. కంపెనీ నుంచి మెకానిక్ వచ్చాడు. పని లేదు కదా అని అందరూ ఎంచక్కా ఇళ్ళకి పోయారు. నేను మాత్రం స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుని, ఈ స్క్రూ ఎందుకు, ఆ గొట్టం ఎందుకు అని ఆయన బుర్ర తినేశాను. పాపం ఓపిగ్గా అన్నీ చెప్పాడు. మళ్ళీ నెల తిరక్కుండానే ఆగితే, సన్న తీగ పెట్టి గొట్టం శుభ్రం చేసి నేనే నడిపించేశాను. మా గైడు సార్ మీటింగులో అందరి ముందూ, "ఇంక మెకానిక్ ఎందుకు? మా అమ్మాయి ఉండగా!" అన్నారు. ఆ రోజు నేల మీద నడిచానా నేను?

అంతే, అప్పట్నుంచీ మెషినక్కని. అసలు పేరు మర్చిపోయారు జనం. మట్టి మీద పని చేసేవాళ్ళు, చేపల మీద చేసేవాళ్ళు, పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు, అందరిదీ ఒకటే పాట. "అక్కా, కాస్త చూసిపెట్టవా." కాదంటే ఏమనుకుంటారో అని మొహమాటం. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా? నా రాతపని సాయంత్రానికి పోతుంది. సాయంత్రానికి ఒళ్ళు హూనమై రేపటికి పోతుంది. రేపు మళ్ళీ ఇంకెవరి శాంపిల్‌కో గొట్టం మూసుకుపోతుంది. వాళ్ళందరికీ డిగ్రీలొచ్చాయి. అందరి థీసిస్ మొదట్లోనూ నాకు కృతజ్ఞతలు ఉన్నాయి, కావాలంటే లైబ్రరీకెళ్ళి చూసుకో. నవ్వకు. సరే, నవ్వు, నాకూ నవ్వే వస్తుంది ఒక్కోసారి.

సార్ చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డమనిషైతే నాలుగు తిట్టుకుని వేరే దారి చూసుకునేదాన్ని. చాప్టర్ పట్టుకెళ్తే బాగుందంటారు. వెంటనే, "ఇంకో వానాకాలం శాంపిల్స్ కూడా పడితే గట్టిగా ఉంటుందమ్మా" అంటారు. వానాకాలం అయితే ఎండాకాలం, అదైతే చలికాలం. ఉన్న కాలాలన్నీ అయిపోయాయి, ఇంక ఆయన కొత్తది కనిపెట్టాలి. నేను వెళ్ళిపోతే దీన్ని ఎవరు చూస్తారన్నది ఆయన దిగులు. నా దిగులు ఆయనకెందుకు? ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆర్నెల్లకోసారి కమిటీ కూర్చుంటుంది కదా. "పురోగతి సంతృప్తికరం" అని రాస్తారు, ప్రతిసారీ అదే ముక్క. ఎవరికి తృప్తో మరి! పోయిన కమిటీలో ఎవరు కూర్చున్నారో తెలుసా? గడబిడ! నీకు తెలీదులే, నాతో పాటు చేరినవాడే, ఇప్పుడు ఇక్కడే లెక్చరర్. ఆ పేరు మేం పెట్టుకున్నది. చేరిన మొదటి నెలలోనే ఈ మంట వెలిగించబోయి, గ్యాస్ ముందు తిప్పేసి ఢామ్మనిపించాడు. కనుబొమలు కాలాయంతే, ఇంకేం కాలేదు. సార్ వాణ్ణి దీని ఛాయలకే రావద్దన్నారు. వాడి శాంపిల్స్ మొత్తం నేనే చేసిపెట్టాను. నేను చేస్తుంటే వాడు కిటికీ పక్కన కూర్చుని రాసుకున్నాడు, గడువులోపలే ఇచ్చేశాడు. అలాంటివాడు కోటు వేసుకుని ఆ బల్ల అవతల కూర్చుని, "మేడమ్, మీ ఆలస్యానికి కారణం చెప్పగలరా?" అని అడిగాడమ్మా నన్ను!

ఏం చెప్పను? మీరే సార్ కారణం అనాలి. వ్యక్తిగత కారణాలన్నాను.

బయటికొచ్చాక వరండాలో ఆపాడు. సిగ్గేసిందో ఏమో పాపం. "అక్కా, ఏమీ అనుకోకు. ఆ రోజు నేను కావాలనే గ్యాస్ ముందు తిప్పాను. అంత గట్టిగా పేలుతుందనుకోలేదు. పని వచ్చని తెలిస్తే జన్మలో వదలరని మా అన్నయ్య ముందే చెప్పాడు. వాడు ఇలాగే ఇరుక్కుని సగంలో మానేశాడు" అన్నాడు.

కోపం రాలేదు నాకు. ఏడుపూ రాలేదు. ఎక్కడలేని నీరసం వచ్చి అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. చదువుకోడానికి వచ్చిన చోట పనిమంతురాలివి అనిపించుకోకే అని నాకెవరూ చెప్పలేదేం? మా ఇంట్లో ఇంతదాకా చదివినవాళ్ళు ఉంటేగా చెప్పడానికి!

ఈ టర్మ్ దాటితే రిజిస్ట్రేషన్ కొట్టేస్తారట. ఇన్నేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. వెళ్ళి సార్ దగ్గర కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఎంత దయగా అన్నారనుకున్నావు! "నువ్వు వెళ్ళాల్సిందేనమ్మా. నీ తర్వాత దీన్ని చూసుకునేవాళ్ళని తయారుచెయ్యి. ఆ రోజే సంతకం పెడతాను."

ఏమిటలా చూస్తావు?

ఊఁ. తెలివైనదానివి కదా, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నిన్న మధ్యాహ్నం పిలిచి అడిగారు, "ఆ కొత్తమ్మాయికి పని వచ్చిందా?" అని. రాలేదు సార్, దాన్ని వదిలెయ్యండి, దాని రాత అది రాసుకోనివ్వండి... ఇంత మాటా నోటిదాకా వచ్చింది. ఒట్టు. అంతలో మా పాప మొహం గుర్తొచ్చింది. "వచ్చింది సార్. నాకంటే బాగా వచ్చింది" అన్నాను. ఆయన పెన్ను మూత తీశారు.

గడబిడ సంగతి నీకు మొన్ననే చెప్పాల్సింది. చెప్తే నువ్వూ ఢామ్మనిపిస్తావని చెప్పలేదు. ఇవాళ చెప్తున్నానంటే, సంతకం అయిపోయింది కనక.

తిట్టు. తిట్టవేం? నేనైతే తిట్టేదాన్ని. ... కాదులే, నేనూ నీలాగే నోరు మూసుకుని కూర్చునేదాన్ని. అందుకేగా ఇంతదాకా వచ్చింది.

ఇదిగో, ఒక్క మాట విని ఆ తర్వాత నీ ఇష్టం. వచ్చే ఏడాది కొత్తవాళ్ళు చేరతారు. వాళ్ళలో పిలవకుండానే వచ్చి నీ పక్కన నిలబడి, ఈ స్క్రూ ఎందుకక్కా అని అడిగే పిల్ల ఒకతె ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. దాన్ని విసుక్కోకు. క్యాంటీన్‌కి తీసుకెళ్ళి ముందు టీ ఇప్పించు, ఆ తర్వాతే స్క్రూ సంగతి. మొదటి రోజు నీకు నేనేం చేశానో గుర్తుందిగా?