పున్నయ్య ముట్టుకోని కారు

బసవపున్నయ్యకి చేతులు ఊరుకోవు. మనిషి మంచోడే, అబద్ధం చెప్పకూడదు. బోరు మోటార్లకి వైండింగ్ చేస్తాడు, నేను ఊడ్చే బియ్యం మిల్లు గేటుకి ఎదురుగానే వాడి రేకుల షెడ్డు. కాలిపోయిన మోటారు పొద్దున ఇచ్చావనుకో, పొద్దుగూకేలోపు గిర్రున తిప్పి చూపిస్తాడు. అక్కడితో ఆపొచ్చుగా? ఆపడు. ఇంకా బాగా తిరగాలంట. మళ్ళీ విప్పుతాడు. అవతల రైతు నీళ్ళు లేక గట్టుమీద నిలబడి గోలపెడతంటే ఇవతల వీడు బేరింగు చెవి దగ్గర పెట్టుకుని వింటా ఉంటాడు. ఇంట్లో గోడగడియారం విప్పాడు. మిక్సీ విప్పాడు. కుక్కరు పిడి బాగానే ఉంది, అదీ విప్పాడు. కూర్చున్నచోట ఉత్తచేతులతో ఉండలేడు, ఏమీ దొరక్కపోతే చొక్కా గుండీలన్నా తిప్పుతా ఉంటాడు. ఆ ఫోను కాస్త ఇటు జరుపు నాయనా, మిల్లు తిరగటం మొదలైందంటే నా మాట అందులోకి ఎక్కదు.

ఇక వాడి పెళ్ళాం శేషారత్నం. రత్నం అంటాం. జాకెట్లు కుట్టిద్ది, ఈ చుట్టుపక్కల ఆ చెయ్యి లేదు. ఏమైందంటే, వల్లూరోళ్ళ పెళ్ళికి పన్నెండు జాకెట్లు ఒప్పుకుంది. తెల్లారితే పెళ్ళి. ఇంకా నాలుగు మిగిలుండగా అన్నం తిని వద్దామని లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి మిషను లేదు. అంటే ఉంది, ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద పరిచుంది. ఏందయ్యా ఇది అంటే, కుట్టేటప్పుడు రవ్వంత చప్పుడొస్తంది రత్నం, తీసేద్దామని, అన్నాడంట. పొద్దున ఆ పెళ్ళికూతురి తల్లి వచ్చి గుమ్మంలో నిలబడి ఎన్ని మాటలందో నేను విన్నా, నువ్వు వినలా. రత్నం ఆ ముక్కలన్నీ మూటగట్టి ఆటోలో పెట్టించుకుని రైలుకట్ట అవతల పుట్టింటికి పోయింది. ఐదు నెలలు. ఐదు నెలలు వాడు ఒక్కడే వండుకున్నాడు, ఆ స్టవ్వు కూడా విప్పి ఒకసారి మీసం కాల్చుకున్నాడు.

అసలు ఈ కార్ల పందెం ఏందంటావా, చెప్తా. మా మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం ఉందే, కోతలు లేని రోజుల్లో ఖాళీగా పడుండిద్ది. దాని మీద ఆదివారాలు రిమోటు కార్లు పరిగెత్తిస్తారు. తెనాలి నుంచి వస్తారు, బెజవాడ నుంచి వస్తారు, గడ్డాలొచ్చిన మగాళ్ళు. గోనెసంచులు చుట్టలు చుట్టి మలుపులు పెడతారు, బస్తాలెత్తే అరుగు మీద వరసగా నిలబడి చేతిలో మీటలు తిప్పుతారు. నేనూ ముందు పిల్లకాయల ఆట అనుకున్నా. కాదు. ఆ కారు మూరెడు కూడా ఉండదు, దాని ఎచ్చులు మాత్రం ఎద్దులబండికి కూడా ఉండవు. పున్నయ్యకి అదెట్టా వచ్చిందంటే, ఎవరో మోటారు కాలిపోయిన కారు బాగుచెయ్యమని ఇచ్చి, కొత్తది కొనుక్కుని, ఇది నువ్వే ఉంచుకో అన్నాడంట. ఇక చూడు. చక్రం నిలువుగా ఉండకూడదంట, పైన రవ్వంత లోపలికి వాలాలంట, అప్పుడే మలుపులో నేలని పట్టుకుంటదంట. స్ప్రింగులు మారుస్తాడు, అందులో పోసే నూనె పల్చగా ఒకసారి, చిక్కగా ఒకసారి. బ్యాటరీ ఒకపక్క బరువని రెండోపక్క సీసం ముక్కలు అంటించి, కిరాణా కొట్టు కాటాలు రెండు అడిగి తెచ్చి తూచాడు. ఆ కొట్టాయన ఆ పూటంతా బేరం లేక కూర్చున్నాడు. శనివారం సాయంత్రానికి వాడి కారంత బాగా ఏదీ పరిగెత్తేది కాదు, అది అందరూ అనేవోళ్ళు. ఆదివారం మాత్రం ఓడిపోయేవోడు. ఎందుకంటే పొద్దున లేచి మళ్ళీ విప్పేవోడు! ఒకసారి పందెం మధ్యలో చక్రం ఊడి నా చీపురు మీదకొచ్చి పడింది. నట్టు బిగించటం మర్చిపోయాడు, ఇంకోటేదో తిప్పుతా.

నేను అటూ ఇటూ మాటలు మోసేదాన్ని. రత్నం నన్ను పిన్నీ అంటది. ఒకరోజు అంది, పిన్నీ, ఆయనకి చెప్పు. ఒక్క వస్తువు. తన చేత్తో బిగించిన వస్తువు ఒక్కటి, తెల్లారి దాని పని అయ్యేదాకా మళ్ళీ విప్పటానికీ తిప్పటానికీ ముట్టుకోకుండా ఉండమను. ఉంటే వస్తా. ఉండలేకపోతే ఇక నా కోసం మనిషిని పంపొద్దను. నవ్వుతా చెప్పలా, కళ్ళు తుడుచుకుంటా చెప్పింది. నేను పరుగెత్తుకుంటా వచ్చి వీడికి చెప్పా. ఒరే, మంచం అని చెప్పరా, మంచం బిగించి దాని మీద పడుకో, తెల్లారిద్ది, నీ పెళ్ళాం వచ్చిద్ది అన్నా. వింటాడా? మంచాన్ని ముట్టుకోకుండా ఎవడైనా ఉంటాడు పిన్నీ, అది మోసం. నేను దేన్ని ముట్టుకోకుండా ఉండలేనో దాన్నే పెడతా, కారు, అన్నాడు. ఆ మాట నేను పోయి చెప్తే రత్నం చేతిలో కుట్టు పక్కన పెట్టి, అట్టాగే, శనివారం పొద్దుగూకేటప్పుడు కారు విప్పే ఆ చిన్న పానా నా చేతికివ్వాలి, ఆదివారం నేనే వచ్చి చూస్తా, అంది.

ఆ శనివారం వాడు మధ్యాన్నం నుంచి కళ్ళం మీదే. ఒక చుట్టు తిప్పటం, కారు పరిగెత్తించటం, మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలు చేత్తో తడిమి యాడ వేడెక్కిందో చూడటం, మళ్ళీ తిప్పటం. ఇక పొద్దు వాలేసరికి కారు ఎట్టా ఉందనుకున్నావు, గీత గీసినట్టు పోతంది. మలుపులో గోనెసంచికి బెత్తెడు దూరంలో తిరిగింది, తిరిగిన ప్రతిసారీ అదే బెత్తెడు. గేటు దగ్గర రత్నం నిలబడుంది. వాడు వచ్చి పానా ఇచ్చాడు. ఇచ్చాడు కానీ వేళ్ళు వదల్లా, రత్నమే లాక్కుని రొంటిన దోపుకుని పోయింది. రాత్రంతా వాడు కారుని పీటమీద పెట్టి, తను గోడకి ఆనుకుని, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడంట.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకపోతే కథ లేదు. మిల్లు కళ్ళం ఊడ్చేది నేనూ, నాతో ఇంకో ఇద్దరూ. మా పున్నయ్య కాపరం నిలబడే రోజు కదా, బెజవాడోళ్ళు కూడా వస్తన్నారు, ఊరికే బోసిగా ఎట్టా ఉంచుతాం? తెల్లారుజామునే కళ్ళాపి చల్లాం. నేను పదిహేను చుక్కల ముగ్గేశా. గేటు దగ్గర కాదు, సరిగ్గా పెద్ద మలుపులో, అందరికీ కనపడేచోట. తామరపూలు, మధ్యలో చిలకలు. పిండి కూడా ధారాళంగా పోశా, పిసినారితనం ఎందుకని. నడుం నొప్పెట్టి లేచి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. అప్పుడు పున్నయ్య వచ్చాడు. ముగ్గు చూశాడు. నన్ను చూశాడు. పిన్నీ, ఏం పని చేశావు పిన్నీ, అన్నాడు. తడినేల, దాని మీద సున్నంపిండి, కారు జర్రున జారిపోయిద్దంట. వాడు ముందురోజు సరిచేసిందంతా ఎండిన నేలకంట. నాకేం తెలుసు? శుభమని వేశా! చీపురుచ్చుకుని తుడవబోయా, అది తడిలో కలిసిపోయి సిమెంటుకి ఇంకా పట్టుకుంది.

మొదటి పందెం. ఎనిమిది కార్లు, అందులో ముందొచ్చిన నలుగురే ఆఖరి పందేనికి పోతారు. మొదలెట్టకముందే మిగతా ఏడుగురూ బల్లల దగ్గర పానాలు పట్టుకుని ఒకటే హడావిడి, నేలనిబట్టి కార్లు సరిచేసుకుంటన్నారు. వీడొక్కడే ఉత్తచేతులతో నిలబడ్డాడు. చొక్కా గుండీ తిప్పుతున్నాడు, వదిలేస్తన్నాడు, మళ్ళీ పట్టుకుంటన్నాడు. రత్నం మా ఆడోళ్ళ పక్కన నిలబడి వాడి చేతుల్నే చూస్తంది. కార్లు కదిలినయి. మొదటి చుట్టులోనే పున్నయ్య కారు నా చిలక మీద వెనకభాగం ఎగజారి, గుండ్రంగా తిరిగి, వచ్చిన దిక్కుకే మొహం పెట్టింది. జనం నవ్వారు. వాడికి ఎదురుగా ఉన్న బల్లమీద ఎవరిదో పానా ఉంది, చెయ్యి చాపితే అందిద్ది. చాపలా. ఇక అక్కణ్ణుంచి మెల్లగా తోలాడు, మలుపు వచ్చిందంటే ముసలిదాన్ని రోడ్డు దాటించినట్టు దాటించాడు. వేగంగా పోయినోళ్ళు నలుగురు గోనెసంచుల్లోకి పోతే, వీడు ఎట్టాగో నాలుగోవాడిగా బయటపడ్డాడు.

ఆఖరి పందేనికి గంట టైముంది. వాడు కారు తెచ్చి అరుగు కింద పెట్టి, రెండు చేతులూ పిరుదుల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు. నిజంగా, చేతుల మీదే కూర్చున్నాడు! ఒళ్ళంతా చెమట, మోకాళ్ళు ఆడిస్తానే ఉన్నాడు. పక్కనోడు అడిగాడు, ఏంది పున్నయ్యా, వెనక చక్రాలు సరిచెయ్యవా అని. చెయ్యను, అన్నాడు. రత్నం మా దగ్గర్నుంచి కదిలి పోయి వాడి ఎదురుగా కూర్చుంది. ఐదు నెలల తర్వాత మొదటిమాట ఏమంటదో అనుకున్నా. ఏమైంది దానికి? అంది. అంతే. తొమ్మిదేళ్ళ కాపరంలో ఆ పిల్ల వాడి పనిగురించి ఆ మాట అడగలా. వాడు గడ్డంతో కారు వెనకభాగం చూపించాడు. వెనక రెండు చక్రాలూ తిన్నగా ముందుకి చూస్తన్నయి రత్నం, రవ్వంత ఒకదానికేసి ఒకటి చూడాలి, అప్పుడు వెనకభాగం నిలబడిద్ది. అదిగో ఆ సన్నకడ్డీ ఉందే, అది తిప్పాలి. మరి తిప్పొచ్చుగా, అంది. మాటిచ్చా, తిప్పను. ఓడిపోతావు. పోతా. కారు ఓడిపోతే ఏమైందే, అని వాడు ఏడ్చాడు. పక్కనోళ్ళు చూస్తన్నారని కూడా లేదు. నేనూ ఏడ్చా, ముగ్గేసిన పాపం నాదే కదా.

రత్నం రొంటినుంచి పానా తీసింది. ముట్టుకోవద్దంది నిన్ను, నన్నెవరూ అనలా, ఎంత తిప్పాలో చెప్పు, అంది. అరచుట్టు, అన్నాడు. మిషనుకి దారం బిగువు సవరించే చెయ్యి కదా అది, రెండు వేళ్ళతో పట్టి అరచుట్టు తిప్పింది. రెండోపక్క? అదీ అంతే. అదీ తిప్పింది. వాడు వంగి చూసి, రత్నం, ఇంకో పావు... అన్నాడు. అరచుట్టన్నావు, అరచుట్టు అయిపోయింది, అని పానా మళ్ళీ దోపుకుని లేచింది. వాడు అట్టా నోరు వెళ్ళబెట్టి చూశాడు. తిప్పటం వాడికి బాగానే వచ్చు నాయనా, తిప్పినాక లేచి వెళ్ళిపోవటం ఉందే, అది ఎవరైనా చేస్తుంటే చూడటం వాడికి అదే మొదలు.

ఆఖరి పందెంలో కారు నా ముగ్గు మీద నిలబడింది. జారింది కానీ రవ్వంతే, మళ్ళీ సర్దుకుని పరిగెత్తింది. ఇద్దర్ని దాటాడు. బెజవాడ ఆయన ఒక్కడే ముందు. చివరి చుట్టు మా ఆడోళ్ళంతా కేకలు, నేనైతే చీపురు ఎత్తి ఊపుతున్నా. జానెడు. జానెడు తేడాలో రెండోవాడయ్యాడు. అందరూ చుట్టూ మూగారు, పున్నయ్యా, ఆ చివరి మలుపులో ఏదో గీసుకున్న చప్పుడొచ్చింది, విప్పి చూడు, విప్పి చూడు అని. ఇప్పుడు విప్పుతాడు చూడు అనుకున్నా. వాడు కారు చేతిలోకి తీసుకున్నాడు, తిరగేశాడు, బొటనవేలు ఒక మరమీదకి పోయింది. అక్కడే ఆగింది. కారు తెచ్చి రత్నం చేతుల్లో పెట్టి, ఆకలేస్తంది, ఇంటికి పోదామా, అన్నాడు.

ఆ సాయంత్రమే, పుట్టింట్లో మళ్ళీ బిగించుకున్న మిషను ఆటోలో వచ్చింది. బట్టలమూట మోసుకుంటా నేనూ కూడా పోయా. కిటికీ పక్కన మిషను దించితే ఒక కాలు ఆడతంది, టకటకా టకటకా. వాడు చూశాడు. చూసి చేతులు చంకల్లో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు, మొహం అటు తిప్పుకున్నాడు, ప్రాణం కొట్టుకుంటంది పాపం, నాకు కనపడతానే ఉంది. రత్నం రెండుసార్లు తొక్కింది, టకటకా. అప్పుడు పానా తీసి వాడి ముందు పెట్టి, ఏందయ్యా చూస్తా నిలబడ్డావు, ఆ కాలు బిగించు, అంది. వాడు పానా అందుకున్నాడు, మిషను పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు, కూర్చుని తలెత్తి, ఎంత? అన్నాడు.

అదీ జరిగింది. ఎంత అని అడగటం నేర్చుకున్నాక వాడి జోలికి నేను పోలా. అందరూ ఆ అరచుట్టు గురించే చెప్పుకుంటారు, బెజవాడదాకా చెప్పుకుంటారంట. నా పదిహేను చుక్కల ముగ్గు, తామరపూలు, చిలకలు, ఎనిమిది కార్లు తొక్కి తొక్కి మట్టిపాలు చేసినయే, దాని సంగతి మాత్రం ఇంతవరకు ఒక్కడన్నా అడిగితే ఒట్టు.