యేసయ్య పిల్లంగోవికి అతికిన గొట్టం

ఇదేడ దొర్కింది బిడ్డా నీకు? మీ నానమ్మ సందుగులనా? ఇటు తే, సూడనీ. అరె, గిది మీ తాత యేసయ్య రేకు పిల్లంగోవే. పోయిందనుకున్న, ముప్పై ఎనిమిదేండ్లాయె. సువార్తమ్మ ఇన్నొద్దులు బట్టల కింద దాసుకున్నదా? ఏందీ? గట్టిగ మాట్లాడు ఫెబా, ఈ సదయ్య తాత చెవులు బొగ్గు బాయిలనే పోయినయి. ఆఁ, కిందికి ఈ గొట్టం ఎందుకు అతికిండనా? కూసో, సాయ వస్తది. మా కోడలు నాకు శక్కర ఎయ్యది, నువ్వు అడిగి ఏపిచ్చుకో.

మీ తాత మా బాయిల సర్దార్. అంటే మేం బొగ్గు ఎత్తే జాగల ముందుగాల అడుగు పెట్టి, పై కప్పు పదిలంగ ఉన్నదా లేదా సూసేటోడు. ఇనుప పొన్ను ఉన్న కట్టెతోని కప్పును కొడ్తడు. ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే డొల్ల, ఎప్పుడన్న ఊడి మీద పడ్తది, దుంగలు నిలబెట్టినంకనే మనుషులు పోవాలె. గంతే, ఇంక మిషన్ లేదు ఏం లేదు. మా ఎనిమిది మంది పానాలు ఆయన చెవిల ఉండేటియి. ఆ చెవి కూడ మామూలు చెవి కాదు. చిన్నప్పుడు హాస్టల్ల పాస్టరమ్మ ఇచ్చిందట ఈ పిల్లంగోవి. డ్యూటీ నుంచి వచ్చి తానం చేసి, క్వార్టర్ ముంగట గడంచెల కూసోని ఊదితే, నీళ్లకు పోయే ఆడోళ్లు బిందెలు దించి నిలవడేటోళ్లు. నేను పక్క క్వార్టరే. మాతోనే బాయిల పనిచేసే నర్సింగం ఇంట్ల అప్పుడొక రేడియో ఉండె, దాన్ని బందు పెట్టి ఇనేటోడు. ఆ రేడియో ముచ్చట వేరే ఉన్నదిలే.

ఇగో, ముందుగాల దీనికి ఆరే తూట్లు, ఇక్కడి దాకనే పొడుగు. ఒకసారి వర్క్‌షాపు కాడ పారేసిన ఇత్తడి గొట్టం తెచ్చి, మైనం పెట్టి కిందికి అతికిండు. అన్నీ మూసి ఊదితే ఎన్నడు ఇననంత కింది సురం వచ్చింది. కాని పాత కింది సురం మాయమైంది. రెండు దినాలు పరేషాన్ అయి, పాత రేకు ఏడ ఖతమైందో ఆడనే ఒక తూటు పొడిసిండు. అది మళ్ల వచ్చింది. ఏడో తూటును చిటికెన వేలుతోని మూసేటోడు. మూడు నెలలకు ఇంకో ముక్క అతికిండు, ఇంకో తూటు. దానికి ఆయన వేలు అందకపాయె. "సదయ్యా, ఇటు రా, నీ వేలు ఇయ్యి" అనేటోడు. ఎదురుంగ కూసోని కింది తూటు నేను మూస్తుంటి. మా ఇంటిది నవ్వేది, "ఇద్దరు మొగోళ్లు ఒక్క పిల్లంగోవి ఊదుడేందుల్లా" అని.

ఈ కింది సురాలు క్రిస్మస్ పాటలకు అనుకున్న నేను. ఒకనాడు పై తూట్ల మీద ఊదుకుంట మధ్యల ఆగిండు. "సదయ్యా, రేకు సెడిపోయింది, పై సురాలు పలుకుతలేవు, గాలే పోతుంది" అన్నడు. నాకేమో చెవుల సూదులు గుచ్చినట్టు ఇనవడ్తున్నయి. ఇద్దరం ఒకలి మొఖం ఒకలం సూసుకున్నం. ఇరవై ఏండ్లు డ్రిల్లు మిషన్ పక్కన నిలవడ్డ చెవులాయె. సెడిపోయింది రేకు కాదు. తనకు ఇనవడే సురాల కోసం కిందికి కిందికి పోతున్నడు మనిషి. నా చెయ్యి పట్టుకున్నడు. "ఎవ్వలకు చెప్పకు తమ్మీ. మెడికల్ల అన్‌ఫిట్ అంటరు. పోరడు ఇంక పదో తరగతి సదువుతుండు." ఆ పోరడు మీ నాయిననే. చెప్పను అన్న. మాట ఇచ్చిన.

ఇగ బాయిల ఏమైందంటే, ఆ ఖంగుమనుడు ఇనవడకపాయె ఆయనకు. మంచి కప్పు కూడ బొద్దుమన్నట్టే ఉండె. కొట్టిన కాడల్లా "డొల్ల, దుంగలు పెట్టుండ్రి" అంటడు. దుంగలు వచ్చే దాక మేం తట్టలు బోర్లేసుకోని కూసోవాలె. మాకు బొగ్గు నింపే టబ్బులు తక్కువ పడుడు, మా మీది సారు ఓవర్‌మన్‌తోని తిట్లు. నర్సింగం నోరు ఊకుంటదా? "యేసయ్యకు మంచం మీద కూడ నాలుగు దుంగలు పెట్టాలెరా" అనేటోడు. అందరు నవ్వేటోళ్లు. ఎందుకట్ల అయితుందో తెల్సినోన్ని నేనొక్కన్నే. నేను కూడ నవ్విన బిడ్డా.

ఆనాడు మొదటి షిఫ్టు. మూడు జాగల ఆపి, నాలుగో జాగల కొట్టి మళ్ల డొల్ల అన్నడు. నాకు తిక్క లేసింది. "నీ చెవులు పోయినయి యేసన్నా, నీకు అన్నీ డొల్లే ఇనవడ్తయి. నాకు ఖంగుమన్నది" అన్న. అందరి ముంగటనే అన్న. మీ తాత నా దిక్కు సూసిండు. తిట్టలేదు. "నీకు ఇనవడ్డదా సదయ్యా?" అని ఒక్కటే అడిగిండు. ఇనవడ్డది అన్న. సరే, ఇంకోపారి సూస్త, మీరు ఈడనే ఉండుండ్రి అని తానొక్కడే లోపలికి పోయిండు. కట్టె లేపిండు. కప్పు పడ్డది.

ఎంక్వయిరీల ఆయనే లోపలికి పోయిండని చెప్పిన. అబద్ధం కాదు. ఆయనే పోయిండు. సువార్తమ్మ సచ్చే దాక నన్ను అన్నా అనే పిలిసింది, ఈస్టర్ నాడు కూర పంపేది. తిన్న. ఏం ఇనవడ్డది బిడ్డా నాకు? కట్టె సప్పుడు నేను ఇననే లేదు. నర్సింగంతోని ముచ్చట పెడ్తున్న ఆ గడియల. మీ నానమ్మకు చెప్పలె, మీ నాయినకు చెప్పలె. నువ్వు దీన్ని పట్టుకోని వచ్చినవు.

ఎందుకు ఏడుస్తవు? లేక తిడ్తున్నవా? నేను తల లేపి సూడలేను, ఏమనుకోకు. ఇగో, పట్టుకో. పైవి నీ వేళ్లతోని మూయి, కింది తూటు నేను మూస్త. గా కింది సురమొక్కటి ఇప్పటికి ఇనవడ్తదేమో నాకు. వేలు ఆనిచ్చిన, మూసుకున్నది. ఊదు. ఊదుతున్నవా ఫెబా? అసలే ఊదుతలేవా?