ఆముదపు అంచు

హలో… ఆ, నేనేనండీ. గుడివాడలోనే, అక్కావాళ్ల గృహప్రవేశంలో వడ్డిస్తున్నాను. చెప్పండి.

…వేరుశనగ ఆకు జల్లెడైందా! ఎన్ని సాళ్లు?

…ఆరా? నేనొచ్చి వారమేగా అయింది!

…పురుగు ఎలా ఉంది? …ఒంటి మీద నల్లమచ్చలు… ఇంకేముంది, లద్దె పురుగే.

చేను చుట్టూ ఆముదం ఆకులు రోజూ తిరగేసి చూడమన్నాను, చూశారా?

…చూశారు. …అడుగున నూగు ముద్దలు. అవే గుడ్లండీ! ఆ ఆకులు తుంచి సబ్బునీళ్లలో వెయ్యమన్నానా లేదా?

…తుంచలేదు. ఎందుకని?

…ఏంటీ? అంచు చెడిపోతుందనా?

అయ్యో రామా!

…నేనా? నేనెప్పుడన్నాను అంచని?

…ఆ… అన్నాను. విత్తనాలు పెట్టేటప్పుడు. చీరకి అంచులాగా ఆముదం వేద్దామన్నాను. మగ్గం మీద పెరిగిన మనిషి, అలా చెబితే తెలుస్తుందనుకున్నాను.

కానీ అది అందానికి కాదండీ! తల్లి పురుగు ముందు దాని మీద వాలుతుంది, గుడ్లు పెడుతుంది, మనం ఆకుతో సహా తీసేస్తాం. అందుకు! మీరేమో పెంచి పోషించారు.

…పెడన నుంచి మీవాళ్లొచ్చి ఫోటోలు తీసుకున్నారా? బావుంది. పురుగులు భోజనానికి కూడా ఉండిపోయాయి.

…నవ్వకండి, నాకు ఏడుపొస్తోంది. ఈ ఒక్క పంట చూస్తానన్నాడు మా అన్నయ్య. ఇది పోతే మనం బందరులో సాగుచేస్తున్న నాన్న చేను రొయ్యల చెరువుకి ఇచ్చేస్తాడు. నేతవాళ్లకి సేద్యమేంటని మీ ముందే అన్నాడుగా!

…వద్దు, ఇప్పుడు మందు కొట్టకండి. ఎండకి పెద్ద పురుగులు మట్టిలో దాక్కుంటాయి. తవుడు, బెల్లం తెచ్చి ఉంచండి. నేనొచ్చి వాటిలో మందు కలిపి ఎర చేస్తాను, సాయంత్రం చల్లుదాం. పక్కచేను వీరాంజనేయులు గారికి చెప్పండి, మేకల్ని ఇటు తోలొద్దని.

…ఆ, బస్టాండుకే. భోజనం సంగతి తర్వాత.

మీరు ముందు ఆముదం మొక్కల పని పట్టండి. గుడ్లున్న ఆకు, పిల్ల పురుగులున్న ఆకు, ఏదీ వదలొద్దు.

…ఏమండీ?

…తెలుసు. బిందెలతో నీళ్లు మోసి పెంచారు. తెలుసండీ.

…తప్పు నాదే. అంచు అనకుండా ఉండాల్సింది. చింపడానికని మీరెప్పుడైనా నేశారా!

…ఊఁ, వినిపిస్తోంది. తుంచండి. …ఇంకోటి.

…ఒంటిచేత్తో ఎంతసేపు? ఫోను గట్టు మీద పెట్టేయండి. రెండు చేతులతో తుంచండి.