పెత్రమాసకు తెచ్చిన సీసా

పెత్రమాస నాడు ఎల్లారెడ్డిలో, చనిపోయిన భర్త పటం ముందు కూర, కల్లు పెట్టి, మనసు నిలవక గంగామణి విస్తరిని అటూ ఇటూ జరుపుతూనే ఉంది. మరిది సంచిలోంచి సీసా తీశాడు.

"ఏంది గది?"

"స్పెయిన్ దేశం ఎర్ర వైన్ వదినా. కామారెడ్డి దుకాణంల మూలకున్నది. బోబల్ అనే ద్రాక్ష ఈడ ఎవలకు ఎరుక లేదు, గందుకే అగ్గువ. మొన్న ఒకటి తాగి చూసిన, మస్తు చిక్కగున్నది."

"ఆయనకు కల్లే అలవాటు."

"దుబాయి హోటల్ల అన్న అందరికి పోసింది గిదే. దీని వాసన గురించి ఫోన్ల చెప్తుండె."

"తాగిండా?"

"ఎన్నడు లేదు. పోసుడే ఆయన పని."

మరిది సగం గ్లాసు పోసి ఆగాడు.

"ఆపినవేంది?"

"ఇది సగమే పోస్తరట వదినా. అన్ననే చెప్పిండు."

"గది ఆయన పోసినోళ్లకు. ఆయనకు నిండ పొయ్యి."