పేరు పక్కన ఆకుపచ్చ చుక్క

టైపింగ్ షాపు షట్టర్ సగం దించి, లోపల భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు.

"రేపటితో ఈ టైపింగ్ సాఫ్ట్‌వేర్ చందా గడువు అయిపోతుంది. ఇంక కట్టను. అలాంటిదే ఇంకోటి ఉచితంగా దొరుకుతుంటే డబ్బులు పొయ్యడమెందుకు?"

"ఉచితందాంట్లో తెరిస్తే అక్షరాలన్నీ చెదిరిపోతాయండీ."

"ఏదీ? నిన్న స్కూలువాళ్ల ప్రశ్నపత్రం అందులోనే తీశాను. ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

"మరి పట్టికలు?"

"పట్టికలూ నిలబడ్డాయి."

"నా చెయ్యి దీనికే అలవాటు పడిందండీ. ఇప్పుడు మళ్లీ అఆలు దిద్దమంటారా?"

"నువ్వా? కళ్లకు గంతలు కట్టినా టైపు చేసేదానివి! అసలు సంగతి చెప్పు."

"అసలూ లేదు, కొసరూ లేదు. ఇంకో ఏడాది కట్టండి."

"ఎందుకని అడుగుతుంటే..."

"మా తమ్ముడు కనిపిస్తాడు."

"ఎక్కడ?"

"అందులోనే. మనం ముగ్గురం కలిసి తీసుకున్నదే కదా. ప్రశ్నపత్రాల ఫైలు తెరిస్తే, అప్పుడు అందులో ఇంకెవరున్నారో పైన పేరొస్తుంది. పొద్దున్నే వాడి పేరు, పక్కన ఆకుపచ్చ చుక్క. మీతో గొడవపడి వెళ్లిన దగ్గర్నుంచి ఫోనెత్తడు, ఎక్కడున్నాడో తెలీదు. ఆ చుక్క చూశాకే నాకు కాఫీ గొంతు దిగుతుంది. ఉచితందాంట్లో వాడెక్కడుంటాడు?"

"రోజూ చూస్తున్నావా?"

"రోజూ. మొన్న మీరు జ్వరమొచ్చి షాపుకి రాలేదే, సరిగ్గా అప్పుడే వాడూ రాలేదు. ఎంత హడలిపోయానో! కడతారా, కట్టరా?"

"వెనకగదిలో పాత కంప్యూటర్ అమ్మేద్దాం."

"నేనేం అడుగుతున్నాను, మీరేం చెబుతున్నారు?"

"అది వాడు కూర్చున్న కంప్యూటరే."

"అయితే?"

"వెళ్లేటప్పుడు వాడు అందులో తన పేరుతో ఉన్న ఖాతా మూసి వెళ్లలేదు. ఓరోజు ఏదో వెతుకుతూ నేనే అక్కడ ఆ ఫైలు తెరిచాను. నీ కంప్యూటర్‌లో వాడి పేరు చూసి నువ్వు ఇవతల నుంచి 'ఒరేయ్, వచ్చావా' అన్నావు. వాడు వెళ్లాక నీ నోట నవ్వుతూ మాట రావడం అదే మొదలు. ఇంకెలా ఆపను?"

"అంటే..."

"రోజూ షాపు తెరవగానే వాడి పేరుతో ఆ ఫైలు తెరిచేది నేనే. నా వల్ల కావట్లేదే, ఇంక."

"ఏమండీ..."

"తిట్టు. కొట్టు. ఏదో ఒకటి అను."

"ఉన్నాడులే అనుకుని, నేను వాణ్ని వెతకడం మానేశానండీ!"