యెనక సీటు

కారుండాది, కారుండాది, కారుండాది! ఎన్నిసార్లు విన్నానో తల్లీ ఈ ఆఫీసులో ఆ మాట! నువ్వు కొత్తగా వచ్చినావు, నిన్నేం అనడం లేదులే. ఇదిగో కాగితం, చూసుకో. ఇచ్చేసినా. తుక్కు కింద ఇచ్చేసినా. పాల్ అని ఆత్మకూరు మెకానిక్కు, ఆయనే తిరిగి అన్నీ రాయించి పెట్టినాడు. ఇంక నాకు కారు లేదు. మొగుడూ లేడు. ఇప్పుడన్నా వస్తాదా వితంతు పింఛను?

నవ్వొస్తా ఉండాదా? నవ్వుకోమ్మా, ఫర్వాలా. గొర్రెలు మేపుకునే నాగులమ్మకు జర్మనీ కారేందని మా పల్లె పల్లెంతా నవ్వింది. నేనూ నవ్వినా మొదట్లో.

మా ఆయన శీనయ్య. ఆ కాగితంలో నా పేరు పక్కన ఉండేది ఆయన పేరే. ఆత్మకూరులో అంకారావని రోడ్ల కాంట్రాక్టరు ఉండాడు, ఆయన దగ్గర డ్రైవరు. నన్ను చేసుకునేనాటికే డ్రైవరు. జీపు తోలినాడు, తెల్ల అంబాసిడరు తోలినాడు, కడాకు ఈ నల్ల కారు. పోతే వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేది. పిల్లల్లేరు మాకు. ఆయనకు కారు, నాకు జీవాలు. అట్టనే జరిగిపోయింది కాలం.

ఆ అంకారావు కొత్త కారు కొన్నాడు. కొని, ఈయన్ని పిలిచి ఏమన్నాడో తెల్సా? "శీనయ్యా, నీకూ వయసైపోయింది, దీనికీ వయసైపోయింది. ఇన్నాళ్ళు నమ్మకంగా చేసినావు, నీకేమన్నా ఇయ్యాల గదా. దీన్ని తోలుకోనిపో" అన్నాడంట.

ఈ మడిసి ఏం చెయ్యాల? నాకు కారెందుకయ్యా, దుడ్లియ్యండి అని నోరు తెరిచి అడగాల గదా? అడగలా! దండం పెట్టి తోలుకోనొచ్చినాడు.

అది మా పల్లెలోకి వచ్చిన పొద్దు చూడాల నువ్వు! అరుగు మీద కూచోనుండేవాళ్ళంతా లేసి నిలబడినారు. ఎవరో పెద్ద లీడరు వచ్చినాడనుకున్నారు. అద్దం కిందికి దిగితే లోపల మా శీనయ్య! ఒకటే కేకలు, ఒకటే నవ్వులు.

నేను దొడ్లో పెంటికలు ఊడస్తా ఉన్నా. "చేతులు కడుక్కోనిరా, పోదాం" అన్నాడు. యాడికి అంటే చెప్పడే! సరేనని పోయి ముందర సీటు కాడ నిలబడినా. "ముందర కాదు, యెనక కూచో" అన్నాడు.

"నీ పక్కన కూచోకుండా యెనకేంది, నేనేమన్నా కలెక్టర్నా?" అన్నా.

అప్పుడు చెప్పినాడు తల్లీ. "ఎవరెవర్నో యెనక కూచోబెట్టుకోని తిప్పినా నాగీ. ఇన్నేళ్ళూ ఈ అద్దంలో వాళ్ళ మొకాలే చూసినా. ఇంక నీ మొకం చూసుకుంటా తోలతా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆ వయసులో! కొంగు అడ్డం పెట్టుకున్నా. ఆయన అద్దంలోంచి చూసి, "కొంగు తియ్యండమ్మగోరూ, దోవ కనపడ్డంలా" అంటాడు! దోవకూ నా కొంగుకూ ఏం సంబంధం, చెప్పు?

అబ్బ, ఆ సీటు ఎంత మెత్తగా ఉంటదో! చప్పుడే లేదు లోపల. బయట ఎండకు గడ్డి మాడిపోతా ఉంటే నాకు లోపల చలేసింది. సోమశిల డ్యామ్ దాకా తీసకపోయినాడు. అన్ని నీళ్ళు నేను చూడ్డం అదే మొదలు. ఇంత దగ్గర్లో అన్ని నీళ్ళుండాయని తెలియకుండానే ముసిలిదాన్నయినా.

ఆఁ, సుఖం అక్కడికే! ఆ తర్వాత చూడు దాని ఆటలు.

ఎలకలు వైర్లు కొరికేసినాయి. ఏసీ పోయింది. మా పల్లె దోవలో గుంట దిగితే చాలు, కడుపు నేలకు తగిలి గీరుకునేది. చక్రాల కాడ గాలి బుడ్డలుంటాయంట దానికి, అవి కారిపోయి, సాయంత్రం నిలబెడితే తెల్లారేసరికి గొర్రె పండుకున్నట్టు నేలకానుకోని ఉండేది. స్టార్ట్ చేస్తే మెల్లిగా లేసేది. ఈయన దాని పక్కన నిలబడి, "లేమ్మా, లే" అని బతిమాలాడేది! నన్ను ఒక్కరోజన్నా అట్ట లేపినాడా?

పాల్ మొత్తుకున్నాడు. "మామా, దీని సామాను చెన్నైలో గూడా దొరకడంలా, వదిలెయ్" అని. వింటేనా! యాడ్నుంచో ఒక గొట్టం తెప్పించినాడు, నా పొట్టేలు పోయింది. ఇంకోటి తెప్పించినాడు, ఈనే గొర్రె పోయింది. మంద సగమైంది. తిట్టినా తల్లీ, మామూలు తిట్లు గాదు. "నీ ఇనుముకు నా జీవాల్ని మేపుతా ఉండావు" అన్నా. బక్కెట్టు నీళ్ళు తీసకపోయి కారు తుడుస్తా కూచున్నాడు.

దానికితోడు బియ్యం కార్డు గూడా పోయింది. కారుండే ఇంటికి రేషన్ బియ్యమేందన్నారు. చుట్టుపక్కల నిజంగా ఆస్తులుండేవాళ్ళు ఎవురెవురు తీసుకుంటా ఉండారో నాకు తెలవదా? పోనీలే, ఇప్పుడెందుకు.

తర్వాత ఆయనకు కిడ్నీలు పోయినాయన్నారు. మా పల్లెలో అది ఇంటింటికీ ఉండే రోగమే. రక్తం కడిగించుకోను నెల్లూరు పోయి రావాల. కారు నడిచినన్నాళ్ళు ఆయనే తోలినాడు. వచ్చేటప్పుడు కళ్ళు మూతలు పడిపోయేవి ఆయనకు. నాకు భయం. "నేను ముందర కూచుంటా, పక్కనుంటే పట్టుకుంటా గదా" అంటే ఒప్పుకోలా. "నువ్వు యెనకనే కూచో. అద్దంలో కనపడతా ఉంటే నాకు నిద్ర రాదు" అనేవాడు.

ఇంక నేను కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని కాదు. కళ్ళార్పకుండా ఆ అద్దంలోకే చూస్తా కూచునేదాన్ని, మా పల్లె కాడి ఉదయగిరి వచ్చేదాకా.

ఒక పొద్దు గేరుబాక్సు పోయింది. బాగు చెయ్యాలంటే ఉండే మంద అంతా అమ్మినా చాలదన్నాడు పాల్. దాన్ని ఇంటికాడికి లాక్కొచ్చి పెట్టినాం. నెల్లూరుకు బస్సులో పోవడం, రావడం. ఒక్కోసారి సీటు దొరికేది, ఒక్కోసారి మెట్ల మీద కూచునేవాడు. దిగినాక రెండడుగులేస్తే ఆయాసం. అయినా ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోక ముందే ఆ కారు మీద దుమ్ము దులిపేది.

పోయిన వానాకాలంలో పోయినాడు. ఆస్పత్రిలోనే. అంబులెన్సులో తెచ్చినారు.

దినాలైనాక పింఛనుకు రాసుకుంటే, ఏమన్నారు ఇక్కడ? కారుండాది! తీసెయ్యాలంటే, పోయినోడి పేరుతో అమ్మను కుదరదంట. ముందు నా పేరుకు రావాలంట. అంటే కొన్నాళ్ళు నేను కారు ఓనరమ్మను తల్లీ! గంజిలోకి ఉప్పు చూసుకునే ఓనరమ్మను.

మొన్న పాల్ ట్రాక్టరు తీసకొచ్చినాడు. గాలి బుడ్డలుండేకాడ చెక్కముక్కలు దూర్చి కారును పైకి లేపినాడు. తాడు కట్టినాడు. తనే స్టీరింగు కాడ కూచున్నాడు. "నువ్వు ట్రాక్టరు మీద కూచో అత్తా" అన్నాడు. నేను పోయి కారులోనే కూచున్నా. యెనకనే.

ఆత్మకూరు దాకా మెల్లిగా, ఈడుస్తా ఈడుస్తా పోయినాం. దోవ పొడుగునా జనం చూస్తానే ఉన్నారు. చూడనీ.

ఊరి బయట తుక్కు యార్డు. పాల్ దిగి ఎవరితోనో మాట్లాడతా ఉండాడు. నేను దిగలా. ఏడస్తా కూచున్నానని అనుకున్నాడంట. అది కాదమ్మా. ఆ తలుపు లోపల్నుంచి ఎట్ట తియ్యాలో నాకు తెలవదు. యాడికి పోయినా ఆయనే దిగొచ్చి తీసేవాడు. నేర్చుకునే పనే పడలా. పాల్ వచ్చి తీసిందాకా అట్టనే కూచున్నా.

కోసేది చూడబాక అత్తా, పో అన్నాడు పాల్. చూసినా. గ్యాసు మంట పెట్టి పైకప్పు కోసినారు. జీవాల్ని కోసేటప్పుడు గూడా ముందు గుక్కెడు నీళ్ళు తాపుతాం తల్లీ మేము.

పొద్దు గూకేలోగా ఇల్లు చేరాల గదా, జీవాలుండాయి. బస్టాండుకొచ్చి ఉదయగిరి బస్సెక్కినా. ఒకటే జనం. కమ్మీ పట్టుకోని నిలబడినా. పుట్టినకాడ్నించీ అట్టనే తిరిగినా నేను. బస్సుల్లో నిలబడి, ఆటోల్లో వేలాడి, లారీల్లో జీవాల మధ్యన కూచోని. ఎప్పుడూ ఒళ్ళు నొప్పి అనుకోలా. ఆ పొద్దు మాత్రం ప్రతి గుంటకీ నడుం పట్టేసింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతా ఉండాయి, తుడుచుకుందామంటే కమ్మీ వదిల్తే పడిపోతా.

ఒక మాట చెప్తా, ఎవరితో అనబాక. ఆయన మీద నాకు కోపమొచ్చింది తల్లీ. జీవాల్ని అమ్మించినప్పుడు గూడా అంత కోపం రాలా. ఆ బస్సులో వచ్చింది. ఎదురుగ్గా ఉంటే కొట్టుండేదాన్ని. మెత్తటి సీటులో కూచోబెట్టమని నేనడిగినానా? నా మొకం చూసుకుంటా తోలమని నేనడిగినానా? అట్టాంటిది ఒకటుంటదని తెలియకుండానే నా పాటికి నేను బతకతా ఉండేదాన్ని.

అలవాటు చేసి పోయినాడు.

సరేలే. ఏదీ, వేలిముద్ర యాడెయ్యాల?